మైఖేల్ జాక్సన్‌ని ముందు కళ్లు మూసుకుని వినాలి

మీ ప్రశ్న సారాంశం ఇది: "మైఖేల్ జాక్సన్ గురించి ఎక్కడ చదివినా నృత్యం, వీడియోలు, మారిన ముఖం, కోర్టు కేసులే కనిపిస్తాయి. గాయకుడిగా అతని స్థాయి ఏమిటి? అతని జీవితాన్ని ఆ కోణంలో ఎవరైనా వివరించగలరా?"

స్టూడియోల్లో గొంతులు రికార్డు చేస్తూ, పాటలు మిక్స్ చేస్తూ, అంటే విడివిడిగా రికార్డయిన ధ్వనుల్ని ఒక పాటగా కలుపుతూ బతికినవాణ్ని కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచే చెబుతాను. నా దృష్టిలో మైఖేల్ మొదట లయజ్ఞుడు, తర్వాత గాయకుడు, ఆ తర్వాతే నర్తకుడు. రాగం మీద, స్వరం మీద అతనికంటే పట్టున్న పాప్ గాయకులు ఆ కాలంలోనే ఉన్నారు. కానీ ఒక మాటను తాళంలో సరిగ్గా ఎక్కడ వేయాలి, ఎక్కడ ఊపిరి తెంచాలి, ఎక్కడ వెంట్రుకవాసి ముందు పడాలి అన్న విషయంలో అతని దరిదాపులకు వచ్చినవారు తక్కువ. అతని జీవితమంతా ఈ ఒక్క విద్య ఎలా తయారైందో, ఎలా పండిందో, చివరికి ఎలా అలసిపోయిందో చెప్పే కథలా నాకు కనిపిస్తుంది.

1958 ఆగస్టు 29న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, గేరీ అనే ఉక్కు పట్టణంలో పుట్టాడు. పదిమంది సంతానంలో ఎనిమిదోవాడు. తండ్రి జో ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపేవాడు, తీరిక వేళల్లో ఒక చిన్న బృందంలో గిటార్ వాయించేవాడు. ఇల్లు రెండు పడకగదులది. అన్నదమ్ములు అయిదుగురిని కలిపి జో ఒక బృందంగా నిలబెట్టాడు. సాధన సమయంలో అతని చేతిలో బెల్టు ఉండేదని, అడుగు తప్పితే దెబ్బ పడేదని మైఖేల్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఆ కాఠిన్యమే అతన్ని గొప్పవాణ్ని చేసిందనే వాదన తరచూ వినిపిస్తుంది. నాకది నచ్చదు. అదే బెల్టు కింద పెరిగిన మిగతా నలుగురూ మైఖేల్ కాలేదు కదా.

అతన్ని తయారుచేసిన అసలు బడి స్టేజీ పక్కన ఉండే తెర చాటు. బడికి పోయే వయసులోనే క్లబ్బుల్లో, చిన్న థియేటర్లలో పాడుతూ, తన వంతు అయ్యాక తెర పక్కన నిలబడి జేమ్స్ బ్రౌన్, జాకీ విల్సన్ వంటి పెద్ద గాయకులను కళ్లార్పకుండా చూసేవాడు. జేమ్స్ బ్రౌన్ పాట విన్నవారికి తెలుసు, అక్కడ గొంతు కూడా ఒక డ్రమ్మే. అరుపు, మూలుగు, గుటక అన్నీ తాళానికి పనికొచ్చే దెబ్బలే. ఆ పాఠం ఆ పిల్లవాడి ఒంటికి పట్టింది.

1967లో న్యూయార్క్‌లోని అపోలో థియేటర్ పోటీలో గెలిచారు. 1969కల్లా మోటౌన్ అనే రికార్డు కంపెనీ చేతిలో పడ్డారు. పిల్లవాడు ఇంకా ముద్దుగా కనిపించాలని మోటౌన్ అతని వయసు తగ్గించి ఎనిమిదేళ్లని ప్రచారం చేసింది. జాక్సన్ ఫైవ్ పేరుతో అక్కడ వచ్చిన మొదటి నాలుగు సింగిల్స్ (విడిగా విడుదలైన పాటలు) వరుసగా అమెరికా పాటల ఆదరణ పట్టికలో మొదటి స్థానానికి చేరాయి. వాటిలో మొదటిది 'ఐ వాంట్ యు బ్యాక్', 1970 జనవరిలో. 1972లో సొంతంగా పాడిన 'బెన్' కూడా మొదటి స్థానానికి వెళ్లింది. అది ఒక ఎలుకతో స్నేహం గురించిన సినిమా పాట! ఎలుకను ఉద్దేశించి పాడుతూ శ్రోతల చేత కన్నీళ్లు పెట్టించడం చిన్న విషయం కాదు.

అయితే మోటౌన్‌లో పాటలు వారివి, బాణీలు వారివి, నిర్ణయాలు వారివి. అన్నదమ్ములకు సొంత పాట రాసుకునే అవకాశమే లేదు. 1975లో ఆ కంపెనీని వదిలి ఎపిక్ అనే మరో రికార్డు కంపెనీకి మారారు. జాక్సన్ ఫైవ్ అన్న పేరు మోటౌన్‌దే కావడంతో 'ద జాక్సన్స్'గా మారాల్సి వచ్చింది. అన్నదమ్ముల్లో ఒకడు, మోటౌన్ అధిపతి అల్లుడైన జెర్మెయిన్ అక్కడే ఉండిపోయాడు. కుటుంబం చీలిన ఆ సందర్భమే మైఖేల్‌కు కలం ఇచ్చింది.

1978లో విడుదలైన 'ద విజ్' సినిమాలో నటిస్తున్నప్పుడు సంగీత దర్శకుడు క్విన్సీ జోన్స్‌తో పరిచయం కుదిరింది. తన సొంత ఆల్బమ్‌కు అతనే కావాలని మైఖేల్ పట్టుబట్టాడు. అతను జాజ్ మనిషి, నప్పడని కంపెనీ పెద్దలు గొణిగారు. 1979 ఆగస్టులో 'ఆఫ్ ద వాల్' వచ్చింది. దానిలోని నాలుగు పాటలు అమెరికా పట్టికలో మొదటి పదిలో నిలిచాయి. అంతకుముందు ఏ సోలో గాయకుడి ఆల్బమ్‌కూ ఆ ఘనత దక్కలేదు.

'డోంట్ స్టాప్ టిల్ యు గెట్ ఎనఫ్' మైఖేల్ సొంత పాట. ఇంట్లో తమ్ముడు ర్యాండీ, చెల్లెలు జానెట్‌తో కలిసి గాజు సీసాల మీద దరువు వేస్తూ దాని నమూనా తయారుచేశాడు. అదే ఆల్బమ్‌లోని 'షీజ్ అవుట్ ఆఫ్ మై లైఫ్' వింటే చివర్లో గొంతు పగులుతుంది. ఎన్నిసార్లు పాడించినా అదే చోట ఏడ్చేస్తుంటే, క్విన్సీ ఇక ఆ ఏడుపును అలాగే ఉంచేశాడు. ఇంత చేసినా ఆ ఆల్బమ్‌కు వచ్చింది ఒకే ఒక్క గ్రామీ అవార్డు, అదీ ఆర్ అండ్ బీ అనే నల్లజాతి సంగీత విభాగంలో. నల్లజాతి గాయకుడికి ఆ గదిలోనే పీట వేసే రోజులవి. ఆ అవమానం మైఖేల్ మనసులో చాలా లోతుగా దిగింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, అందుకు ఏమీ అనుకోకండి.

మైఖేల్‌కు స్వరలిపి చదవడం రాదు. ఏ వాద్యం మీదా చెప్పుకోదగ్గ పట్టు లేదు. మరి పాటలు ఎలా కట్టాడు? నోటితో. మృదంగం గురువు చేయి వేయకముందే జతులు నోటితో పలికినట్టు, డ్రమ్ముల దెబ్బలు, బేస్ గిటార్ నడక, బాకాల విరుపులు అన్నీ టేప్ రికార్డరు ముందు విడివిడిగా నోటితో పలికేవాడు. వాద్యగాళ్ల పని అతని నోట్లో ఉన్నది తమ చేతుల్లోకి తెచ్చుకోవడమే. 1994లో 'డేంజరస్' పాట కాపీ అంటూ ఒకరు దావా వేసినప్పుడు డెన్వర్ న్యాయస్థానంలో సాక్ష్యం చెబుతూ పాటలు ఎలా పుడతాయో పాడి, దరువు వేసి చూపించాడు. తీర్పు అతనికి అనుకూలంగానే వచ్చింది.

'బిల్లీ జీన్' తీసుకోండి. 1982లో లాస్ ఏంజెలెస్‌లోని వెస్ట్‌లేక్ స్టూడియోలో 'థ్రిల్లర్' ఆల్బమ్ కోసం రికార్డయిన పాట. సౌండ్ ఇంజినీరు బ్రూస్ స్వీడియన్ మా వృత్తిలో అందరూ తలవంచే పేరు. డ్రమ్ముల కోసం ప్రత్యేకంగా చెక్క వేదిక కట్టించాడు. పెద్ద డ్రమ్ముకు ఒక తొడుగు కుట్టించి, జిప్పు తీసి దానిలోకి మైకు దూర్చాడు. స్నేర్ డ్రమ్ముకు, పక్కనున్న తాళపు పళ్లేలకు మధ్య ఒక చెక్క పలక అడ్డం పెట్టాడు. ఒకదాని శబ్దం మరొకదాని మైకులోకి పడకూడదన్నది ఉద్దేశం. ఈ శ్రమంతా దేనికి? పాట మొదలైన ఒకటి రెండు దెబ్బలకే ఇది ఏ పాటో ప్రపంచం గుర్తుపట్టాలి. నలభై ఏళ్లు దాటినా గుర్తుపడుతూనే ఉంది. బేస్ వాయించిన లూయిస్ జాన్సన్ చేత గిటార్లు ఒకదాని తర్వాత ఒకటి మార్పించి, తనకు కావలసిన మోత దొరికేదాకా మైఖేల్ వదల్లేదు. ప్రధాన గాత్రం మాత్రం ఒకే విడతలో పాడేశాడు. వెనక వచ్చే కొన్ని పలుకుల్ని పొడవాటి అట్టగొట్టం గుండా పాడించారు.

ఆ పాట ఆరంభంలో గాత్రం లేకుండా దాదాపు అర నిమిషం దరువు, బేస్ నడుస్తాయి. ఇంత పొడవు వద్దు, తగ్గిద్దామన్నాడు క్విన్సీ. నాకు నాట్యం చేయాలనిపించేది అక్కడే, అది ఉండాల్సిందేనన్నాడు మైఖేల్. నెగ్గింది మైఖేల్ మాటే. స్వీడియన్ ఆ పాటను 91 సార్లు మిక్స్ చేశాడు. చివరికి అందరూ వెనక్కి వెళ్లి విని ఎంచుకున్నది రెండోసారి చేసిన మిక్స్. ఈ ఉదంతం మా రంగంలో కొత్తగా వచ్చే ప్రతివారికీ చెబుతాం, విన్నవారెవరూ దాన్ని పాటించరు.

గొంతు విషయంలో స్వీడియన్ చేసిన ఒక పని ఇంకా ముచ్చటైనది. మైఖేల్ తన పాటలకు వెనక వినిపించే వంతపాటలు చాలావరకు తానే పాడుకునేవాడు. ఒకే వరసను మైకు దగ్గర నిలబడి ఒకసారి, మళ్లీ అలాగే ఇంకోసారి పాడించి, ఆ తర్వాత రెండడుగులు వెనక్కి నిలబెట్టి పాడించేవారు. మైకు శక్తి పెంచి మోత సమానం చేసేవారు. ఫలితంగా గది గోడల మీద నుంచి తిరిగి వచ్చే ధ్వని ప్రతిసారీ వేరుగా నమోదయ్యేది. పాడింది ఒక్కడే అయినా చెవికి ఒక గుంపు వెనకా ముందూ నిలబడి పాడినట్టు ఉంటుంది. కృత్రిమంగా ప్రతిధ్వని కలిపితే ఆ లోతు రాదు. ఇది సాధ్యం కావాలంటే గాయకుడు అదే వరసను, అదే విరుపుతో, ఊపిరి కూడా తేడా లేకుండా మళ్లీ మళ్లీ పాడగలగాలి. ఎందరో గాయకులతో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, రెండోసారికే సగంమంది జారిపోతారు.

మైఖేల్ దీపాలు ఆర్పించి, చెక్క పలక మీద నిలబడి పాడేవాడు. పాడుతూ కాళ్లు కదిపేవాడు, వేళ్లు చిటికేసేవాడు. ఆ శబ్దాలన్నీ మైకులో పడేవి. మరొక ఇంజినీరయితే శుభ్రం చేసేవాడు, స్వీడియన్ ఉంచేశాడు. అవి కూడా పాటలో భాగమేనని అతనికి అర్థమైంది. ఆ గొంతుకు వాడింది ఖరీదైన సున్నితమైన మైకు కూడా కాదు, రేడియో ప్రసారాలకు వాడే ష్యూర్ ఎస్‌ఎమ్7. ఇప్పుడు పాడ్‌కాస్టులు చేసేవారి బల్లల మీద కనిపించేది దాని వారసుడే.

ఇంతా చేసి పూర్తయిన 'థ్రిల్లర్'ను మొదటిసారి డిస్కు రూపంలో విన్నప్పుడు అందరి ముఖాలూ మాడిపోయాయి. కారణం సాంకేతికం. ఎల్పీ రికార్డు ఒక్కో వైపు ఎంత ఎక్కువ నిడివి ఎక్కిస్తే దాని మీద సూది నడిచే గాడులు అంత సన్నబడతాయి. మోత తగ్గుతుంది, బేస్ చచ్చిపోతుంది. వీరు మరీ ఎక్కువ కుక్కారు. మైఖేల్ కన్నీళ్లు పెట్టుకున్నాడు, ఇలా విడుదల చేసేది లేదన్నాడు. గడువు ముంచుకొస్తున్నా పాటల నిడివి కోసి, ఒక్కొక్కటిగా అన్నీ మళ్లీ మిక్స్ చేశారు. 1982 నవంబరు చివర్లో విడుదలైంది. అమెరికా పట్టికలో 37 వారాలు మొదటి స్థానం. తొమ్మిది పాటల్లో ఏడు మొదటి పదిలోకి వచ్చాయి. 1984లో ఒకే రాత్రి ఎనిమిది గ్రామీలు. పాత లెక్క వడ్డీతో సహా తీరింది. అమెరికాలోనే 3.4 కోట్ల యూనిట్లకు ఆ ఆల్బమ్ ధ్రువీకరణ పొందింది.

నృత్యం సంగతి క్లుప్తంగా. 1983 మే 16న ప్రసారమైన మోటౌన్ పాతికేళ్ల వేడుకలో 'బిల్లీ జీన్'కు వెనక్కి జారుతూ నడిచాడు. మూన్‌వాక్ అతను కనిపెట్టింది కాదు. బిల్ బెయిలీ అనే ట్యాప్ నర్తకుడు 1950లలోనే చేశాడు, వీధి నర్తకులు చేస్తూనే ఉన్నారు. ఇంకో తమాషా: ఆ పాటను మైఖేల్ అక్కడ పాడలేదు, రికార్డుకు పెదవులు కదిపాడంతే. అతని జీవితంలోకెల్లా ప్రసిద్ధమైన ప్రదర్శనలో గాయకుడు మౌనంగా ఉన్నాడు! మీ ప్రశ్నలోని గందరగోళానికి మూలం అక్కడే ఉందనుకుంటాను. పాటల వీడియోలు వేసే ఛానల్ ఎమ్‌టీవీ అప్పట్లో నల్లజాతి గాయకుల వీడియోలు దాదాపుగా వేసేది కాదు. 'బిల్లీ జీన్', 'బీట్ ఇట్' ఆ తలుపు బద్దలుకొట్టాయి. ఆపైన వచ్చిన పద్నాలుగు నిమిషాల 'థ్రిల్లర్' చిత్రంతో కన్ను చెవిని పూర్తిగా మింగేసింది.

వ్యాపారంలోనూ చురుకైనవాడు. 1985లో బీటిల్స్ పాటల్లో అత్యధిక భాగం హక్కులున్న ఏటీవీ సంస్థను 4.75 కోట్ల డాలర్లకు కొన్నాడు. పాటల హక్కుల విలువ గురించి అతనికి చెప్పినవాడు బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీయే, తన పాటలు పోగొట్టుకున్నదీ అతనే. తర్వాత సోనీతో కలిపి నడిపిన ఆ వ్యాపారంలో మైఖేల్ వారసుల వాటాను 2016లో సోనీ 75 కోట్ల డాలర్లకు కొన్నది.

పతనం ఎక్కడ మొదలైందంటే చాలామంది 1993 అంటారు. నేను 1984 జనవరి 27 అంటాను. పెప్సీ ప్రకటన చిత్రీకరణలో బాణసంచా నిప్పు జుట్టుకు అంటుకుని తల కాలింది. నొప్పి మందుల అవసరం అక్కడ బలపడింది. 1993లో వాటికి బానిసయ్యానని తానే ప్రకటించి, పర్యటన మధ్యలో ఆపేశాడు. రెండో కారణం 'థ్రిల్లర్' విజయమే. దాన్ని మించాలన్న పట్టుదల ప్రతి ఆల్బమ్‌నూ ఆలస్యం చేసింది, బరువు పెంచింది. 'బ్యాడ్' 1987లో వచ్చింది. అయిదు పాటలు మొదటి స్థానానికి వెళ్లాయి. గొంతు విషయానికొస్తే అది అతని అత్యంత పదునైన దశ. హల్లులు కొరడా దెబ్బల్లా పడతాయి. క్విన్సీతో చివరి ఆల్బమ్ అదే. 1991 నాటి 'డేంజరస్'లో నిర్మాత టెడ్డీ రైలీతో కలిసి కొత్త తరం దరువు పట్టుకున్నాడు. 1995లో 'హిస్టరీ', 2001లో 'ఇన్‌విన్సిబుల్'. చివరిదాన్లో ధ్వని మెరుగు అద్భుతం, పాట మాత్రం ఊపిరాడక నలిగిపోయింది. వద్దని చెప్పే క్విన్సీ వంటివాడు పక్కన లేకపోతే ఏమవుతుందో ఆ ఆల్బమ్ చెబుతుంది.

'హిస్టరీ' పర్యటనలో భాగంగా 1996 నవంబరు 1న ముంబయిలో ప్రదర్శన ఇచ్చాడు. ఆ పర్యటనలో చాలా పాటలకు రికార్డే నడిచింది. కాబట్టి ఆ వీడియోలు చూసి అతని గాత్రాన్ని అంచనా వేయకండి.

ముఖం రంగు గురించి అడిగారు కాబట్టి: అతనికి బొల్లి ఉంది. 1993లో టీవీ ఇంటర్వ్యూలో తానే చెప్పాడు. ఎవరూ నమ్మలేదు, మరణానంతర పరీక్ష ధ్రువీకరించింది. ముక్కు శస్త్రచికిత్సలు వేరే సంగతి.

కేసుల విషయం దాటవేయడం సరికాదు. 1993లో ఒక బాలుడిపై లైంగిక వేధింపు ఆరోపణ వచ్చింది. 1994లో డబ్బు చెల్లించి దావాను పరిష్కరించుకున్నారు, నేరాభియోగం నమోదు కాలేదు. మరో బాలుడి విషయంలో కాలిఫోర్నియాలో విచారణ జరిగి 2005 జూన్ 13న అన్ని అభియోగాల నుంచీ నిర్దోషిగా బయటపడ్డాడు. 2019లో ఒక డాక్యుమెంటరీలో ఇద్దరు పురుషులు తమ బాల్యంలో జరిగిన వేధింపుల గురించి వివరంగా చెప్పారు, అతని వారసులు ఖండించారు. పాట గొప్పది కాబట్టి మనిషి నిర్దోషి అనడం ఎంత తప్పో, ఆరోపణలున్నాయి కాబట్టి పాట చెడ్డది అనడమూ అంతే. ఆ పాటలు ఇక వినలేకపోతున్నామనేవారి మాట నాకు అర్థమవుతుంది, వారితో వాదించను.

2009లో లండన్‌లో 50 ప్రదర్శనలు ప్రకటించాడు. సాధన జరుగుతుండగానే జూన్ 25న లాస్ ఏంజెలెస్ ఇంట్లో మరణించాడు. వయసు 50. నిద్ర కోసం ఇస్తూ వచ్చిన ప్రొపోఫాల్ అనే మత్తుమందు ప్రధాన కారణం. ఆపరేషన్ గదిలో వాడే మందు అది. ఇచ్చిన వైద్యుడు కాన్రాడ్ మరేకు 2011లో శిక్ష పడింది.

ఇక వినడం గురించి. ముందు 1969 నాటి 'హూజ్ లవిన్ యు' వినండి. గాయకుడు, రచయిత స్మోకీ రాబిన్సన్ రాసిన పాట. విరహం అంటే ఏమిటో తెలిసే వయసు కాని పిల్లవాడు ప్రతి మాటనూ లాగి, ఆపి, వదులుతాడు. ఆ తర్వాత 'డోంట్ స్టాప్'. అక్కడ అతను ఫాల్సెటోలో, అంటే సహజ శ్రుతికి పైనుండే పలుచటి గొంతుతో పాడుతున్నా తాళం ఎక్కడా తేలిపోదు. 'హ్యూమన్ నేచర్'లో నిట్టూర్పులు, 'మ్యాన్ ఇన్ ద మిర్రర్' చివర్లో బృందగానంతో పోటీపడే అరుపులు వినండి. ఆఖరున 'బిల్లీ జీన్' అసలు పాటను, 'థ్రిల్లర్' 2001 ప్రత్యేక ముద్రణలో చేర్చిన 1981 నాటి ఇంటి నమూనాను పక్కపక్కన పెట్టుకోండి. నమూనాలో సాహిత్యం ఇంకా పూర్తికాలేదు, చాలాచోట్ల అర్థం లేని పలుకులే ఉన్నాయి. కానీ ఏ అక్షరం ఎక్కడ పడాలో అప్పటికే తేలిపోయింది. ఫోను స్పీకరులో మాత్రం వినకండి, దానిలో ఆ బేస్ అసలు వినిపించదు. ఓ మోస్తరు హెడ్‌ఫోన్లు చాలు.